డాబా మీద గుర్రపు డెక్క: నీళ్ళ దగ్గరే పేచీ

నీళ్ళ మీద తేలే గుర్రపు డెక్క మొక్క పువ్వు గురించి పెంచినవాళ్ళందరూ చెప్పేశారు కాబట్టి మళ్ళీ చెప్పను. లేత ఊదా రంగు, పై రేకు మీద నెమలికన్నులా పసుపు మచ్చ, ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది. పిలకలు వేసి తొట్టి నింపేస్తుందనీ తెలిసిందే. ఎవరూ చెప్పనిది దీని దాహం.

మాది వైజాగ్‌లో మధురవాడ వైపు. డాబా మీద ఒకే సైజు సిమెంటు తొట్లు రెండున్నాయి, దోమలకని రెండింటిలోనూ గప్పీ చేపలు వేశాం, ఒకదాంట్లోనే డెక్క. మే నెలలో విజయనగరంలో పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి ఉత్త చేపల తొట్టిలో నీళ్ళు నాలుగు వేళ్ళు దిగాయంతే, డెక్క తొట్టిలో మాత్రం వేర్లు అడుగుకి ఆనుకున్నాయి. లీకేమోనని మేస్త్రీని పిలిస్తే ఆయన చుట్టూ తట్టి చూసి, మొక్కలన్నీ తీసేసి నీళ్ళు నింపి రెండు రోజులు ఆగమన్నాడు. లీకు లేదు, పక్క తొట్టితో సమానంగానే దిగింది. మొక్కలు మళ్ళీ వేశాక మళ్ళీ అదే వరస. ఆకులు గాలిలోకి లేచి ఉంటాయి కదా, ఎండా గాలీ కలిసి వాటిలోంచి లాగేస్తాయి, ఖాళీ నీళ్ళు ఆవిరయ్యేదానికంటే ఎక్కువే పోతుంది. ట్యాంకరు కొనుక్కునే రోజుల్లో బిందెతో డాబా ఎక్కుతూ మా అత్తగారు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

"నీళ్ళు అద్దంలా ఉంటాయి" అని ఒకప్పుడు మా అపార్టుమెంటు గ్రూపులో దీన్ని తెగ మెచ్చుకున్నాను. పచ్చ నాచు రాదన్నది నిజమే, నీడ పడుతుంది, నీళ్ళలోని ఎరువంతా అదే తినేస్తుంది. కాకపోతే రాలిన వేర్లు అడుగున నల్లగా పేరుకుంటాయి, తొట్టి పూర్తిగా మూసుకుపోతే తెల్లవారుజామున చేపలు ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

కలిసొచ్చింది ఏసీ గొట్టం. వైజాగ్ ఉక్కపోతకి దాంట్లోంచి బకెట్లకు బకెట్లు కారుతుంది. కొన్ని మొక్కల్ని తూర్పు బాల్కనీలో టబ్బులోకి దించి మా అబ్బాయి గొట్టం అందులోకి తిప్పాడు. ఆ నీళ్ళలో ఎరువేమీ ఉండదు కాబట్టి ఆకులు కాస్త పసుపెక్కాయి, పిలకల జోరు కూడా తగ్గింది. పూలూ తగ్గాయి, అది వేరే ఏడుపు.

తీసేసిన మొక్కల్ని మాత్రం గెడ్డలో (వాగులో) పడేయకండి. "సముద్రంలో కలిసి ఉప్పుకి చచ్చిపోతుందిలే" అన్నాడొకాయన. చస్తుంది, కానీ అక్కడిదాకా చేరితే కదా, దారిలో మురుగు నీళ్ళంటే దానికి పండగే, పైగా విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఎండబెడితే గంపెడు మొక్క గుప్పెడవుతుంది, ఆ గుప్పెడూ కంపోస్టులో వేస్తున్నాం.

బోరున్నవాళ్ళకి నా గోల అర్థం కాకపోవచ్చు. రాత్రంతా ఏసీ వేసుకునే ఇల్లు, ఎండ పడే బాల్కనీ ఉంటే ఓ నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. చలికాలంలో ఏసీ ఆగినా అప్పుడు దాని తాగుడూ తగ్గుతుంది, మాకు సరిపోతోంది. ట్యాంకరు మీద బతికే డాబాకైతే నేను చెప్పను.