బాఖ్ ఆరు చెల్లో సూట్లు: ఒక్క సాయంత్రమా, రెండా?

బాఖ్ ఒక్క చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) కోసం రాసిన ఈ ఆరు సూట్లు, అంటే నాట్య బాణీల వరుసలు, ఆరూ ఒకే విడతలో వాయించాలా, విడగొట్టాలా అని చెల్లో వాయించే స్నేహితులు ఈ మధ్య ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. పోయిన నెలే ఒక చిన్న చర్చి హాల్లో నేను రెండు సాయంత్రాలు వాయించాను, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది.

ఒక్క సాయంత్రం మజా వేరు, కాదనను. 2015లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో పేరున్న చెల్లో కళాకారుడు యో-యో మా ఇంటర్వెల్ కూడా లేకుండా ఆరూ వాయించేశాడు. రిపీట్లన్నీ వాయిస్తే రెండు గంటలు దాటిపోతుంది గానీ, ఓపిక సాధనతో వస్తుంది.

అసలు చిక్కు శ్రుతితో. ఐదో సూట్‌కి పై తీగను ఎ స్వరం నుంచి దాని కింది జి స్వరానికి దించాలి. దించిన తీగ ఊరుకోదు, మెల్లగా పైకి పాకుతుంది. అందులోని సారబాండ్ అనే నెమ్మది నాట్య భాగంలో ఆసరాకి ఒక్క కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) కూడా లేదు, ఒంటరి స్వరాలే, కాస్త తేడా వచ్చినా అందరికీ వినిపిస్తుంది. సరే, అది గట్టెక్కాక మళ్లీ ఎకి లాగితే ఈసారి కిందికి జారుతుంది. ఆ వెంటనే వచ్చే ఆరోది ఐదు తీగల వాద్యం కోసం రాసింది, మన నాలుగు తీగల మీద ఆ ఎత్తంతా బొటనవేలు ఆనించి అదే ఎ తీగ మీద వాయించాలి! ఐదోదాన్ని మామూలు శ్రుతిలో వాయించేవాళ్లూ ఉన్నారు, కానీ కొన్ని కార్డ్‌లు మార్చుకోవాలి, పైన ఖాళీ జి తీగ ఇచ్చే మోత పోతుంది. నాకు మనసొప్పలేదు.

అందుకే మొదటి రోజు 1, 3, 5, రెండో రోజు 2, 4, 6 పెట్టుకున్నాను. ఇంటర్వెల్ మొదట్లోనే తీగ దించేసి, పది నిమిషాలాగి, మళ్లీ సరిచూసుకుని ఐదోది మొదలుపెట్టా. తిరిగి పైకి లాగడానికి మర్నాడంతా టైముంది. నష్టం లేదనను: రెండో రోజు కుర్చీలు పదిహేను దాకా ఖాళీ, మొదటి రోజు మాత్రమే వచ్చినవాళ్లు ఐదోదాని సి మైనర్ శ్రుతి దిగులుతోనే ఇంటికెళ్లారు.

మూడు సాయంత్రాలు, రోజుకి రెండు? ఫెస్టివల్ అయితే సరే, విడిగా అయితే మూడు రోజులూ ఎవరొస్తారు.

ఒక్క సాయంత్రమే కావాలంటే ఐదోదాన్ని చివర పెట్టండి, లేదా దాని కోసం ఇంకో చెల్లో అరువు తెచ్చుకుని పొద్దున్నే జికి దించి పక్కన పెట్టుకోండి.