క్షయ వస్తే ఇల్లు మేలా, ఆసుపత్రి మేలా?

పోయినేడాది మా బాబాయికి టీబీ అని తేలింది. ఆయన మిర్చి యార్డులో హమాలీ. రెండు నెలలుగా దగ్గుతున్నా, "యార్డులో ఘాటుకి అందరికీ ఉండేదేలే" అంటూ నెట్టుకొచ్చాడు. చివరికి కళ్ళె పరీక్షలో బయటపడింది. ఆ రాత్రి పిన్ని ఫోన్ చేసి, "ఏదైనా పెద్దాసుపత్రిలో పెట్టేద్దాం రా. ఇంట్లో చిన్న పిల్లలున్నారు. మందు వాడే ఆ ఆరు నెలలూ అక్కడే ఉంటే ఆయనకి వేళకి తిండీ మందూ అందుతాయి, మాకూ టెన్షన్ ఉండదు" అంది. అప్పటికే ఆయన కంచం, గ్లాసు విడిగా తీసి వరండాలో పెట్టేసింది.

పిన్ని అన్నదాన్ని కొట్టిపారేయలేం. టీబీకి మందుల్లేని కాలంలో డాక్టర్లూ అదే చెప్పారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ రోగులు నెలల తరబడి ఉండే ఆసుపత్రి, 1915లో మొదలైంది అందుకే. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద టీబీ ఆసుపత్రి కట్టిందీ అందుకే. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, బలమైన తిండి. అప్పట్లో వైద్యం అంటే అంతే.

1950ల నాటికి స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ అనే టీబీ మందులు వచ్చాయి. కానీ దేశంలో రోగులు లక్షల్లో ఉంటే శానిటోరియం పడకలు వేలల్లోనే ఉండేవి. మందు ఉంది కదా, ఇంటికే ఇస్తే నయం కాదా? ఈ ప్రశ్న తేల్చడానికే 1956లో మద్రాసు చేట్‌పట్‌లో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నలుగురూ చేతులు కలిపారు. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టర్ ముందుండి నడిపించారు. ఇప్పుడు ఆ సెంటర్ పేరు జాతీయ క్షయ పరిశోధన సంస్థ. పిన్ని అడిగిన ప్రశ్ననే వాళ్ళు 193 మంది రోగుల మీద పరీక్షించి చూశారు.

ఎవరు ఇంట్లో ఉండాలో, ఎవరు శానిటోరియంకి వెళ్ళాలో డాక్టర్ల ఇష్టానికి వదల్లేదు, లాటరీ పద్ధతిలో పంచారు. ఇద్దరికీ ఒకటే మందు: ఏడాది పాటు ఐసోనియాజిడ్, పాస్. శానిటోరియంలో మంచం, నర్సులు, వేళకు మంచి భోజనం. ఇంటి వైపు మద్రాసు పేటల్లో ఇరుకు గదులు, గదికి నలుగురైదుగురు, అరకొర తిండి.

ఏడాది చివర కళ్ళెలో క్రిములు అణిగినవాళ్ళు శానిటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం. అన్ని వసతులు ఒక పక్కన, అంత లేమి మరో పక్కన ఉంటే తేడా ఆ కాస్తే. ఐదేళ్ళ తర్వాత చూస్తే ఆ కాస్త తేడా కూడా మిగల్లేదు. నయం చేసింది మంచమూ కాదు, కొండగాలీ కాదు, మందే. ప్రపంచమంతా టీబీ వైద్యాన్ని ఇంటికి మార్చుకోవడానికి ఈ మద్రాసు లెక్కే ముఖ్య కారణం.

అయితే ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఇంటికి పంపడమంటే పొట్లం చేతిలో పెట్టి వదిలేయడం కాదు. సెంటర్ వాళ్ళు చెప్పకుండా ఇంటికి వచ్చేవాళ్ళు, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు, మందు వేసుకున్నారో లేదో మూత్రం పరీక్షలో చూసేవాళ్ళు. ఇల్లు గెలిచిందంటే ఆ కాపలాతోనే గెలిచింది. మా ఊళ్ళో ఆ పని ఆశా కార్యకర్త చేసింది. మొదటి వారంలో బాబాయికి మూత్రం నారింజ రంగులో వస్తే పిన్ని రక్తమేమోనని వణికిపోయింది. "అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు పిన్నిగారూ, మందు ఒంట్లోకి వెళ్తోందని గుర్తు" అని ఆవిడే వచ్చి చెప్పింది. ఆ ఒక్క మాట లేకపోతే మా వాళ్ళు ఆ రోజే మందు ఆపేసేవాళ్ళు.

ఇక పిన్ని అసలు భయం, పిల్లలకి అంటుకుంటుందేమోనని. మద్రాసులో దాన్నీ వదల్లేదు. రెండు వర్గాల కుటుంబాలనూ ఐదేళ్ళు గమనించారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంట్లోవాళ్ళకి జబ్బు ఎక్కువగా రాలేదు. అంటుకునే ముప్పు చాలావరకు రోగం బయటపడక ముందు, దగ్గుతూ తిరిగిన ఆ నెలల్లోనే. మందు మొదలైతే అంటించే గుణం త్వరగా పడిపోతుంది. కాబట్టి బాబాయిని దూరంగా పంపడం కన్నా ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, జబ్బు లేనివాళ్ళకి ముందుజాగ్రత్త మందు ఇప్పించడమే పిల్లలకి రక్ష. ఆ మందు ఇప్పుడు ప్రభుత్వమే ఇస్తోంది. కంచాలతో, గ్లాసులతో టీబీ రాదు. అది గాలిలో వచ్చేది. కంచాన్ని వరండాలో పెట్టక్కర్లేదు, కిటికీ తలుపులు తెరిచిన గదిలో ఆయన మంచం వేస్తే చాలు.

ఇంతవరకు ఇంటిదే పైచేయి. కానీ తిండి దగ్గర నేను శానిటోరియం పక్షమే. మద్రాసు పరీక్షలో శానిటోరియంలో ఉన్నవాళ్ళు బరువు బాగా పెరిగారు, ఇంట్లోవాళ్ళు అంతగా పెరగలేదు. నయం కావడానికి తిండి కన్నా మందే ముఖ్యమని తేలడంతో, ఆ తర్వాత చాలాకాలం తిండిని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. మళ్ళీ ఆ మద్రాసు సంస్థే భాగస్వామిగా జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం 2023లో వెలువడింది. రోగులకి నెలకు 10 కిలోల సరుకులిచ్చారు. కొన్ని ఊళ్ళలో ఇంట్లోవాళ్ళకి కూడా మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో అయిదు శాతం బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు 60 శాతం పైగా తక్కువగా కనిపించింది. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ పథకం కింద ఇచ్చే డబ్బు 2018లో నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000. హమాలీ పని ఆగిపోయిన ఇంటికి వెయ్యి చాలదు. సర్కారు రోగిని ఇంట్లోనే ఉంచాలనుకున్నప్పుడు ఆ ఇంటి వంటగది కూడా తన బాధ్యతే అని నేను నమ్ముతాను.

మరి ఆసుపత్రి అక్కర్లేదా అంటే, కొందరికి కావాలి, వెంటనే కావాలి. తమిళనాడులో 2022 నుంచి టీబీ అని తేలిన రోజే కొన్ని కొలతలు చూస్తున్నారు: ఎత్తుకు తగ్గ బరువు ఉందా, కాళ్ళకి నీరు పట్టిందా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, రక్తంలో ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలడా. ఇవి బాగోలేని రోగిని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో చేర్చుకుంటారు. టీబీ చావుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే కాబట్టి ఈ వడపోత ప్రాణాలు నిలిపే పని. నెత్తురు కక్కుతున్నా అంతే, ఇంట్లో కూర్చోబెట్టకూడదు. ఆరు నెలలూ పడక అక్కర్లేదు. గండం గడిచాక ఇంటికి రావచ్చు.

బాబాయి లేచి నడుస్తున్నాడు, ఆయాసం లేదు. ఈ లెక్కలన్నీ చెప్పి, "ఇంట్లోనే ఉంచుదాం పిన్నీ. ఆసుపత్రికి తిరిగే ఖర్చు గుడ్లకీ పప్పుకీ పెడదాం" అన్నాను. పిన్ని సగం మనసుతోనే ఒప్పుకుంది. రోజూ రెండు గుడ్లు, గుప్పెడు వేరుసెనగలు, రాత్రి పాలు. మొదటిరోజు తూకంలో 44 కిలోలున్న మనిషి రెండో నెల చివర 47కి వచ్చాడు. కళ్ళెలో క్రిములు లేవన్నారు. ఆ సాయంత్రం పిన్ని వరండాలో కంచం తెచ్చి తోమి, మిగతా కంచాల మధ్య బోర్లించింది.