కింద ఒక కంప్యూటరు, మేడ మీద ఒకటి, మధ్యలో 20 మీటర్ల వైరు

మాది హనుమకొండలో రెండంతస్తుల ఇల్లు. కింద హాలు పక్క గదిలో నా కంప్యూటరు, మేడ మీద గదిలో మా ఆవిడ కంప్యూటరు. నేను చిన్న దుకాణాల పద్దులు చూస్తాను. ట్యాలీ (పద్దులు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రిటర్నులు నా పని. తను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. 2020 జూన్‌లో, బళ్లు మూతపడి ఉన్న రోజుల్లో పెట్టించిన 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షనే ఇప్పటికీ ఇద్దరికీ ఆధారం. దాన్ని రెండు కంప్యూటర్లకు పంచడానికి మూడు పద్ధతులు వాడి చూశాను. మూడింటికీ డబ్బు పెట్టాను. రెండో కనెక్షన్ తీసుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లు ముందు ఇది చదవాలని నా కోరిక.

మొదట వైఫై ఒక్కటే. ఫైబర్ బాక్సు కింద హాల్లో ఉంది. నా కంప్యూటరుకు చిన్న వైరు పెట్టాం కాబట్టి నాకు ఏ ఇబ్బందీ లేదు. పైకి మాత్రం ఇనుప చువ్వలున్న స్లాబు దాటి సిగ్నల్ వెళ్లాలి. బాక్సు వైఫై రెండు బ్యాండుల్లో వస్తుంది: 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్ వైఫై పై గదిలో దాదాపు కనిపించేది కాదు. 2.4 అందేది, కానీ మా వీధిలో ప్రతి ఇంటి వైఫై ఆ బ్యాండులోనే ఉంటుంది. అందులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్లు మూడే: 1, 6, 11. టెస్టు చేస్తే పైన 12 నుంచి 15 ఎంబీపీఎస్ వచ్చేది. వీడియో క్లాసుకు మూడు, నాలుగు ఎంబీపీఎస్ చాలు కదా అనుకునేవాణ్ణి. అయినా పిల్లలు రోజూ "మేడమ్, మీ మాట తెగిపోతోంది" అనేవాళ్లు. వేగం చాలినా సిగ్నల్ నిలకడగా లేకపోతే మాట ముక్కలవుతుందని నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు తను పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత 1,400 రూపాయలు పెట్టి మెట్ల దగ్గర ఒక రిపీటర్ (వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టె) తగిలించాను. సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి, పని మాత్రం అంతంతమాత్రం. ఆ రకం రిపీటర్ ఒకే రేడియోతో వింటూ, అదే రేడియోతో తిరిగి పంపుతుంది. అందుకే వేగం సగానికి పడిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాన్ని తీసి మళ్లీ పెట్టాల్సి వచ్చేది. ఏడాది వాడి తీసేశాను. ఆ డబ్బు వృథా.

చివరికి కింది బాక్సు నుంచి పై కంప్యూటరు దాకా క్యాట్6 కేబుల్ (నెట్‌వర్క్ వైరు) వేయించాను. మీటరు పాతిక చొప్పున 20 మీటర్లు, రెండు చివరలా కనెక్టర్లు, ఎలక్ట్రీషియన్ కూలీ. ఆ రోజు నుంచి పై కంప్యూటర్లో 94 ఎంబీపీఎస్ కంటే తక్కువ చూడలేదు. క్లాసులో మాట తెగిందన్న మాట మళ్లీ వినలేదు. కొనేటప్పుడు అసలు రాగి తీగదే అడగండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక రకం కూడా అమ్ముతారు. అది వంపుల దగ్గర త్వరగా విరుగుతుంది.

అందులోనూ ఒక తప్పు చేశాను. గోడలకు తూట్లు ఎందుకని వైరును బయటి గోడ వెంట పైకి తీసుకెళ్లాను. 2022 వేసవిలో ఒక సాయంత్రం గాలివాన, దగ్గర్లోనే పిడుగు. పై కంప్యూటరు ల్యాన్ పోర్టు (నెట్‌వర్క్ వైరు గుచ్చే చోటు), కింది బాక్సులో ఒక పోర్టు రెండూ పోయాయి. ఫైబర్ గాజు పోగు, దానికి కరెంటు పట్టదు. మన రాగి వైరుకు పడుతుంది. ఇప్పుడు వైరు మెట్ల లోపలి నుంచి పీవీసీ పైపులో వెళ్తోంది. పై కంప్యూటరు యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌తో నడుస్తోంది.

పైన ఫోన్లకు కూడా నెట్ కావాలి కాబట్టి పాత రౌటర్ ఒకటి ఆ వైరు చివర పెట్టాను. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బయటి ప్రపంచానికి మన ఇంటి మొత్తానికి ఒకటే అడ్రసు. లోపల ఏ కంప్యూటరుకు ఏ నంబరు ఇవ్వాలో, వచ్చిన సమాచారం ఎవరికి చేర్చాలో మెయిన్ బాక్సు చూసుకుంటుంది, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉత్తరాలు పంచినట్టు. రెండో రౌటర్ కూడా నంబర్లు పంచడం మొదలుపెడితే ఎవరి మాట వినాలో కంప్యూటర్లకు తెలియదు. నాకు సరిగ్గా 19వ తేదీన ఇదే జరిగింది. మర్నాడు నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరు రోజు. సగం రోజు నా కంప్యూటర్లో నెట్ లేదు. కారణాలు రెండు: కింది బాక్సు, పై రౌటర్ రెండింటి అడ్రసూ 192.168.1.1 కావడం ఒకటి, పై దానిలో డీహెచ్‌సీపీ, అంటే నంబర్లు పంచే పని, ఆపకపోవడం ఇంకొకటి. పై రౌటర్ అడ్రసు 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, వైరును వ్యాన్ పోర్టులోకి (బయటి కనెక్షన్ కోసం ఉండేది) మార్చకుండా ల్యాన్ పోర్టులోనే ఉంచాక మళ్లీ ఆ గొడవ రాలేదు.

ఇద్దరం ఒకేసారి పనిచేస్తే వేగం తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. డౌన్‌లోడ్ వల్ల మాకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు. అప్‌లోడ్ వల్ల అయింది. పెళ్లి వీడియోలు నా కంప్యూటరు నుంచి గూగుల్ డ్రైవ్‌కు ఎక్కుతుంటే పైన క్లాసు ఆగి ఆగి నడిచింది. బయటికి వెళ్లే దారి నిండిపోతే చిన్న మాట కూడా వరుసలో నిలబడాలి. డ్రైవ్ సెట్టింగుల్లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టుకునే వీలుంది. పెట్టేశాను, సమస్య తీరింది. అలాగే విండోస్ అప్‌డేట్‌లో, డెలివరీ ఆప్టిమైజేషన్ దగ్గర, మన నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల నుంచి తెచ్చుకునే వీలును ఆన్ చేశాం. ఒక కంప్యూటర్లోకి దిగిన అప్‌డేట్‌ను రెండోది దాని దగ్గరే తీసుకోగలదు.

వైరు వల్ల నేను ఊహించని లాభం బ్యాకప్. ట్యాలీ డేటా రెండు జీబీ దాకా ఉంటుంది. రోజూ రాత్రి పై కంప్యూటరుకు కాపీ చేస్తాను, మూడు నిమిషాల్లో అయిపోతుంది. నెట్ లేకపోయినా ఈ పని ఆగదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, అది మారే రెప్పపాటులో బాక్సు ఆగి మళ్లీ మొదలై నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. పైకీ కిందికీ ఒక్కొక్క మినీ యూపీఎస్ (ఆ రెప్పపాటు కరెంటు ఇచ్చే చిన్న బ్యాటరీ పెట్టె) తెచ్చాక ఆ బాధ పోయింది. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు చూడండి. మా కింది బాక్సు 12 వోల్టులది, పై పాత రౌటర్ 9 వోల్టులది.

ఇక మిగిలింది ఆ పాత రౌటరే. దాని పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ప్లాన్ పెంచిన రోజు దాన్ని, యూఎస్‌బీ అడాప్టర్‌ను మార్చాలి. పైపులో వైరును మాత్రం కదపక్కర్లేదు, అది 1000 ఎంబీపీఎస్‌ను కూడా తేలిగ్గా మోస్తుంది.