జెనీవా వేసవి: సరస్సు చౌక, మిగతాదంతా ఖరీదు

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామందికి జెనీవా అంటే విమానం దిగే ఊరు, అంతే. ప్యాకేజీ టూర్లలో అయితే ఐక్యరాజ్యసమితి ఎదురుగా ఉన్న కాలు విరిగిన కుర్చీ దగ్గర ఒక ఫొటో, పూల గడియారం దగ్గర ఇంకో ఫొటో తీయించి బస్సును ఇంటర్‌లాకెన్ దారి పట్టిస్తారు. అలా చూస్తే ఈ ఊళ్లో ధరలు తప్ప ఇంకేం కనబడవు. కానీ జూలై, ఆగస్టుల్లో వెళ్లి, మ్యూజియాల జోలికి పోకుండా పొద్దంతా జెనీవా సరస్సు ఒడ్డునే గడిపితే కథ వేరు. ఇక్కడ చౌకగా దొరికేది సరస్సు ఒక్కటే, చూడాల్సిందీ అదే. మేం వెళ్లింది మా ఆయన, నేను, మా బాబు, మా అత్తయ్య. అత్తయ్యది గోదావరి జిల్లా. ఆవిడకు మంచు కొండలంటే భయం, నీళ్లంటే ప్రాణం. అందుకే ఈసారి కొండలు తగ్గించి సరస్సుకు ఎక్కువ సమయం పెట్టుకున్నాం.

ముందు బస సంగతి. ఫ్రాంకు ఇప్పుడు వంద రూపాయల పైమాట. జెనీవాలో హోటల్ ధర చూసి, పక్కనే ఫ్రాన్స్ సరిహద్దు దాటితే ఆన్‌మాస్‌లోనో ఫెర్నీలోనో తక్కువకు గది దొరుకుతుందని చాలామంది సలహా ఇస్తారు. నిజమే, దొరుకుతుంది. 2019 డిసెంబర్‌లో లేమాన్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు మొదలయ్యాక ఆన్‌మాస్ నుంచి జెనీవాకు రావడం కూడా తేలికే. కాకపోతే ఆ లెక్కలో ఒక అంకె మర్చిపోతారు. జెనీవా ఊళ్లో హోటల్‌లో గానీ హాస్టల్‌లో గానీ దిగినవాళ్లకు ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఉచితంగా ఇస్తారు. బస్సులు, ట్రాములు, ఎయిర్‌పోర్ట్ దాకా రైలు, సరస్సు దాటించే చిన్న పడవలు అన్నీ దాని మీదే. ఫ్రాన్స్‌లో దిగితే అది రాదు. నలుగురు మనుషులు రోజుకు ఐదారుసార్లు పడవో బస్సో ఎక్కుతారనుకుని లెక్క వేస్తే, ఫ్రాన్స్ గదిలో మిగిలే డబ్బులో కొంత టికెట్లకే పోతుంది. ఒక్కరే వెళ్తే ఫ్రాన్స్ వైపు దిగొచ్చేమో గానీ, పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్తే ఊళ్లోనే దిగడం మేలు.

ఊళ్లో ఎక్కడ అంటే పాక్విస్ లేదా ఓ-వీవ్. రెండూ సరస్సును ఆనుకుని ఎదురెదురు ఒడ్డుల్లో ఉంటాయి. పాక్విస్ రైల్వే స్టేషన్‌కు దగ్గర. లెబనీస్, ఇథియోపియన్, ఇండియన్ అన్ని రకాల భోజనం అక్కడే దొరుకుతుంది, ధరలూ కొంచెం నయం. అయితే రాత్రి గోల ఎక్కువ, కొన్ని వీధుల వ్యవహారం పిల్లలతో నడిచేలా ఉండదు. గది బుక్ చేసేటప్పుడు సరస్సుకు దగ్గరగా ఉన్న వీధి చూసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఓ-వీవ్ వైపు ప్రశాంతం, పార్కులు ఎక్కువ, గది అద్దె కూడా ఎక్కువే. మేం పాక్విస్‌లో ఒక మామూలు హోటల్‌లో దిగాం. ఏసీ ఉందా అని అడగకపోతే ఉండదనే అనుకోవాలి. ఈ ఊళ్లో ఏసీ పెట్టించడానికి అనుమతులు అంత సులువుగా ఇవ్వరు. మాకు ఇచ్చిన టేబుల్ ఫ్యాన్ బాబు స్కూల్ ప్రాజెక్ట్‌లో తిరిగే ఫ్యాన్ అంత ఉంది. ఎండ ముదిరితే రాత్రిపూట కూడా ఉక్కపోతే. జూలైలో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి, మేం నిద్రకు తప్ప గదికి వెళ్లడం మానేశాం.

ఇక పడవలు. మూయెట్లు అని పసుపు, ఎరుపు రంగుల చిన్న మోటారు పడవలు సరస్సుకు అటూ ఇటూ తిరుగుతుంటాయి. 1897 నుంచి ఉన్నాయట. ఇవి టూరిస్టుల షికారు పడవలు కావు, సిటీ బస్సు లాంటివి. పొద్దున ల్యాప్‌టాప్ బ్యాగుతో ఆఫీసుకు వెళ్లేవాళ్లు, కూరగాయల సంచీలతో ముసలమ్మలు, సైకిల్ తోసుకుంటూ వచ్చే కుర్రాళ్లు ఇందులోనే ఎక్కుతారు. నాలుగు రూట్లున్నాయి. పాక్విస్ రేవు నుంచి మోలార్‌కు ఎం1, ఓ-వీవ్‌కు ఎం2, ఇవి పగటిపూట దాదాపు పది నిమిషాలకొకటి. అత్తయ్య సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటిన మనిషి. పడవ రేవుకు తగలగానే కుర్రాడు మోకు విసిరి గుంజకు చుట్టే పద్ధతి చూసి, "ఇదీ మన రేవే, కాకపోతే గొంతు చించుకునే మనిషి లేడు" అన్నారు. గట్టు నుంచి పడవలోకి ఒక అడుగు కిందికి దిగాలి. పెద్దవాళ్లకు సిబ్బంది చెయ్యి అందిస్తారు, తొందర పెట్టరు. బెంచీలు చెక్కవి. నీళ్లు చేతికందేంత దగ్గర. దాటడానికి పట్టేది ఐదు నిమిషాలే గానీ, ఎండ మండే మధ్యాహ్నం ఆ ఐదు నిమిషాల గాలి కోసమే ఊరికే అటూ ఇటూ తిరిగాం. కార్డు ఉన్నవాళ్లకు ఎంత తిరిగినా ఉచితం. కార్డు లేకపోతే రేవు దగ్గర మెషీన్‌లో టికెట్ తీసుకోవాలి. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.

పర్యాటకులు పట్టించుకోని రూటు ఎం4. ఐక్యరాజ్యసమితి వైపు వెళ్లినవాళ్లు మళ్లీ బస్సెక్కి వెనక్కి రాకుండా, కిందికి నడిచి సరస్సు ఒడ్డునున్న షాతోబ్రియాన్ రేవుకు వస్తే, అక్కడి నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న పోర్ నువార్‌కు పడవ ఉంటుంది. ఈ దారి ఎం1, ఎం2ల కంటే పొడవు. ఆకాశం తేటగా ఉంటే ఈ పడవ మీద నుంచి మోఁ బ్లాఁ మంచు శిఖరం కూడా కనబడుతుంది. దిగిన చోట నుంచి నాలుగడుగులు వేస్తే ఈత కొట్టే బీచ్‌లు.

సరస్సు మధ్యలో ఎగజిమ్మే నీటి స్తంభం, జే దో, అన్ని పోస్టుకార్డుల మీదా ఉంటుంది. 140 మీటర్లు లేస్తుంది, సెకనుకు 500 లీటర్ల నీరు. దీని పుట్టుక మాత్రం అందం కోసం కాదు. 1886లో ఊళ్లో యంత్రాలకు నీటి ఒత్తిడి అందించే కేంద్రం ఒకటి నడిచేది. సాయంత్రం వర్క్‌షాపులు మూసేశాక పైపుల్లో ఒత్తిడి పెరిగిపోతుంటే, దాన్ని వదలడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. జనం చూడ్డానికి ఎగబడటంతో 1891లో ఇప్పుడున్న చోటికి, సరస్సులోకి మార్చారు. ఓ-వీవ్ వైపు రాతి కట్ట మీద దాని మొదలు దాకా నడిచి వెళ్లొచ్చు. గాలి మీ వైపు తిరిగిందంటే క్షణంలో తడిసి ముద్దవుతారు, ఫోన్ కవర్ మర్చిపోవద్దు. గాలి మరీ ఎక్కువైతే ఆపేస్తారు, కాబట్టి ఇంకోరోజు చూద్దాంలే అని వాయిదా వేయకండి.

బీచ్‌ల విషయంలో మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. మా ఆయనకు నచ్చింది బాఁ దె పాక్విస్. సరస్సులోకి చొచ్చుకుపోయిన కట్ట మీద 1932లో కట్టిన కాంక్రీటు స్నానఘట్టం, చివర్లో తెల్లటి లైట్‌హౌస్. వేసవిలో ప్రవేశ రుసుము సుమారు 2 ఫ్రాంకులు. 1980ల్లో దీన్ని కూలగొట్టి కొత్తది కడదామంటే ఊరివాళ్లు ఒప్పుకోలేదు. 1988లో ఓటింగ్ పెట్టి మరీ నిలబెట్టుకున్నారు. ఆ కారణంగానే కాబోలు, హంగులేమీ లేని మొరటు కట్టడమైనా మేనేజర్ దగ్గర్నుంచి రోడ్డు పని చేసేవాడి దాకా అందరూ ఒకే గట్టు మీద తువ్వాలు పరుచుకుంటారు. క్యాంటీన్‌లో ఆ రోజు వంటకం అని పలక మీద రాస్తారు. ఊళ్లోని రెస్టారెంట్ బిల్లులు చూశాక ఆ ధర చూస్తే ప్రాణం లేచొస్తుంది, శాకాహారం కూడా అడగొచ్చు. పన్నెండున్నరకు క్యూ పెరుగుతుంది, పన్నెండుకే వెళ్లండి. ఒక మాట ముందే చెప్పాలి: ఇక్కడ కొందరు ఆడవాళ్లు పైబట్ట లేకుండా ఎండ కాగుతారు. ఎవరూ ఎవర్నీ చూడరు, అది వాళ్లకు మామూలే. అత్తయ్య మాత్రం కొండల వైపు తిరిగి కూర్చుని టీ తాగారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేముందు ఈ సంగతి చెప్పి తీసుకెళ్లడం మంచిది.

నా ఓటు ఓ-వీవ్ బీచ్‌కు. 2020లో పూర్తిగా తెరిచారు, ఉచితం, గడ్డి మైదానం, స్నానానికి షవర్లు, మెల్లగా లోతు పెరిగే ఒడ్డు. ఇసుక ఉంటుందని ఊహించుకోకండి, అంతా గులకరాళ్లు. రబ్బరు చెప్పులు లేకుండా నీళ్లలోకి దిగిన మా బాబు కోడిపిల్లలా ఎగిరెగిరి నడిచాడు. విశాఖ బీచ్ అలవాటైనవాళ్లకు ఇది బీచే కాదనిపించవచ్చు. అలలు లేవు, ఉప్పు లేదు, గుర్రాలు లేవు, మొక్కజొన్న పొత్తు అసలే లేదు. కానీ అడుగున గులకరాయి మీది గీత కూడా కనబడేంత తేటగా ఉంటాయి నీళ్లు. పిల్లల్ని దించి కళ్లముందే ఉంచుకోవచ్చు.

ఈ తేట నీళ్లలోనే ఇంకో ఇబ్బంది ఉంది. సాయంత్రానికి బాబు కాళ్ల మీద దోమ కుట్టినట్టు ఎర్రటి దద్దుర్లు లేచి ఒకటే దురద. ఏదో ఎలర్జీ అని టెన్షన్ పడుతూ మందుల షాపుకు పరిగెత్తితే, అక్కడామె నవ్వి "సరస్సులో దిగారా?" అని అడిగింది. బాతులకు, నత్తలకు పట్టే ఒక పరాన్నజీవి పిల్ల రూపాలు వేసవిలో ఒడ్డు దగ్గరి వెచ్చటి నీళ్లలో ఉంటాయి. పొరపాటున మనిషి చర్మంలోకి దూరి అక్కడే చచ్చిపోతాయి. ప్రమాదం లేదు, దురద కొన్నాళ్లకు పోతుంది. చేయాల్సిందల్లా ఒడ్డున లోతు తక్కువ చోట గంటలకొద్దీ కూర్చోకుండా ఉండటం, బయటికి రాగానే షవర్ కింద నిలబడి తువ్వాలుతో గట్టిగా రుద్దుకోవడం. స్థానికుల పిల్లలు నీళ్లలోంచి వచ్చీ రాగానే షవర్ దగ్గరికి ఎందుకు పరిగెడుతున్నారో అప్పుడు అర్థమైంది.

డబ్బులిచ్చి వెళ్లే జెనీవ్-ప్లాజ్ కూడా ఆ ఒడ్డునే ఉంది. పెద్ద ఈత కొలను, నీళ్లలోకి జారే బల్లలు, చెట్ల నీడ అన్నీ ఉన్నాయి. ఈత బాగా వచ్చిన పెద్ద పిల్లలుంటే పూటంతా గడిచిపోతుంది. మాకు పక్కనే ఉచితంగా బీచ్ ఉండగా టికెట్ కొనడం దండగనిపించింది.

నీళ్ల చల్లదనం గురించి అడిగేవాళ్లకు: ఎండ బాగా కాస్తే 23, 24 డిగ్రీల దాకా వస్తుంది. నైరుతి నుంచి గాలి గట్టిగా వీచిందంటే పైన ఉన్న వెచ్చటి నీరు పక్కకు పోయి అడుగు నీరు పైకొస్తుంది. నిన్న ఈదిన చోటే ఇవాళ కాలు పెట్టలేరు. బాగా లోతైన చోట ఈ సరస్సు 310 మీటర్లు, అడుగున చల్లదనానికి కొదవేముంటుంది!

ఈత రాని అత్తయ్యకు బాగా నచ్చింది జోంక్షన్ దగ్గరి సంగమం. సరస్సులోంచి బయటికొచ్చే రోన్ నది నీలం ఆకుపచ్చ కలిసిన రంగు, మోఁ బ్లాఁ వైపు నుంచి మంచు కరిగి వచ్చే ఆర్వ్ బూడిద రంగు. కలిసిన తర్వాత కూడా చాలా దూరం రెండు రంగులూ విడివిడిగానే పారుతాయి. బస్సు దిగి రైలు వంతెన మీదికి ఎక్కితే పై నుంచి స్పష్టంగా కనబడుతుంది. వేసవిలో కుర్రాళ్లు రోన్ ప్రవాహంలో గాలి పడవలు వేసుకుని తేలుతూ వస్తారు. చూడ్డానికి సరదాగా ఉంది గానీ వేగం ఎక్కువ, మనలాంటివాళ్లు గట్టు మీద ఉండటమే క్షేమం.

చివరగా పెద్ద పడవలు. సీజీఎన్ కంపెనీ 1873 నుంచి ఈ సరస్సు మీద నడుపుతోంది. వందేళ్ల నాటి తెడ్డు చక్రాల పడవలు ఇప్పటికీ ఉన్నాయి. 1914 నాటి సావ్వా పడవలో మధ్య అంతస్తులో నిలబడితే కింద ఇంజన్ గది తెరిచే కనబడుతుంది. నూనెతో మెరిసే ఉక్కు కడ్డీలు మనిషి చెయ్యి మడిచి చాచినట్టు ఆడుతుంటాయి, నూనె డబ్బాతో ఒకాయన వాటి మధ్యే తిరుగుతుంటాడు. బాబు కిటికీల వైపు చూడటమే మానేశాడు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వీటికి వేరే టికెట్ అక్కర్లేదు. ట్రాన్స్‌పోర్ట్ కార్డు మాత్రం వీటిలో చెల్లదు, విడిగా కొంటే నలుగురికి బాగానే అవుతుంది. పాస్ లేనివాళ్లకు నా సలహా: జెనీవా నుంచి పడవలో గంటలకొద్దీ కూర్చోకుండా, రైల్లో నియోన్ వెళ్లి, అక్కడి నుంచి ఇరవై నిమిషాల పడవలో అవతలి ఒడ్డున ఉన్న ఇవ్వార్ చేరుకోండి. 14వ శతాబ్దపు కోట గోడల ఊరు, గుమ్మం గుమ్మానికీ పూలకుండీలు. అది ఫ్రాన్స్ కాబట్టి పాస్‌పోర్టులు జేబులో ఉండాలి. ధరలు యూరోల్లో ఉంటాయి, ఐస్‌క్రీమ్ ఇవతలి ఒడ్డుకంటే చౌక. ఆదివారం వెళ్లకండి, జనం కిక్కిరిసి ఉంటారు. తిరుగు పడవ చివరిది ఎప్పుడో రేవులో దిగగానే బోర్డు మీద చూసుకోండి. అది తప్పితే రోడ్డు మీద జెనీవాకు రావడానికి అయ్యే టాక్సీ ఖర్చుతో ఇంకో పూట బస చేయొచ్చు.