పాత మిస్టరీ పుస్తకాలు పిల్లలకి కొనొచ్చా? ఆరేళ్ల తర్వాత నా రివ్యూ

మా అమ్మాయి మూడో క్లాసులో ఉండగా మొదలుపెట్టాం, ఇప్పుడు అది తొమ్మిదో క్లాసు, తమ్ముడు నాలుగో క్లాసు. ఈ ఆరేళ్లలో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, కోఠీ షాపుల్లో, పుట్టింటికి వెళ్లినప్పుడు విజయవాడ లెనిన్ సెంటర్లో, అన్నీ కలిపి 90 దాకా కొనుంటాను. ఫేమస్ ఫైవ్, హార్డీ బాయ్స్, నాన్సీ డ్రూ, త్రీ ఇన్వెస్టిగేటర్స్, పిల్లల ఇంగ్లీష్ మిస్టరీ సిరీస్‌లలో ఎక్కువ దొరికేవి ఇవే. కొనొచ్చా అంటే కళ్లు మూసుకుని కొనండి అంటాను, కానీ కొనే ముందు మాత్రం కళ్లు తెరిచి చివరి పేజీలు చూడండి.

ఎందుకంటే రెండో ఏడాది ఒక త్రీ ఇన్వెస్టిగేటర్స్ తెచ్చాను, "పేజీలన్నీ ఉన్నాయ్ మేడమ్" అన్నాడు అమ్మేవాడు, నేనూ నమ్మేసి అట్ట చూసి తెచ్చేశా. పిల్ల రాత్రి పదకొండింటి దాకా కూర్చుని చదివి, తీరా దొంగ దొరికే చోట 8 పేజీలు లేవు. అది ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. వేరే కథల పుస్తకంలో ఒక పేజీ పోతే సర్దుకుంటారు, మిస్టరీలో చివర లేకపోతే మొత్తం చదివిందంతా వేస్ట్ అయిపోతుంది పాపం. మొదటి రెండు పేజీలు కూడా చూసుకోండి, ఒకదాంట్లో ఎవరో దొంగ పేరుకి పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు.

ఆర్మడా, నైట్ (Knight) అనే కంపెనీలు వేసిన పాత పేపర్‌బ్యాక్‌లు చేతిలో బాగుంటాయి, బరువుండవు, బొమ్మలు బాగుంటాయి, కానీ గమ్ ఎండిపోయి ఉంటుంది, పూర్తిగా విప్పి బోర్లా పెడితే మధ్యలో పగిలి పేజీలు ఊడొస్తాయి. ఊడినవాటికి సెల్లోటేప్ అస్సలు వేయకండి, నేను వేసినవన్నీ గోధుమరంగుకి తిరిగి అక్షరాలు కూడా కనపడట్లేదు. ఇప్పుడైతే పుస్తకం వీపు మీద, అంటే పేజీలన్నీ అతుక్కునే అంచు మీద, ఫెవికాల్ పల్చగా రాసి రాత్రంతా పొత్రం కింద పెడుతున్నా, బానే నిలుస్తున్నాయి. నాన్సీ డ్రూ పసుపు వీపువి, హార్డీ బాయ్స్ నీలం వీపువి గట్టి అట్టలవి దొరికితే మాత్రం 50 రూపాయలు ఎక్కువైనా వదలకండి, మా పిల్లలిద్దరి చేతుల్లో నలిగి కూడా అలాగే ఉన్నాయి.

ఇంకోటి, హార్డీ బాయ్స్ 1927లో, నాన్సీ డ్రూ 1930లో మొదలైన సిరీస్‌లు, 1959 నుంచి పాతవాటిని కుదించి తిరగరాశారు, దాంతో అదే పేరుతో కొన్నిటికి పూర్తిగా వేరే కథ ఉంటుంది. మా దగ్గర అలా రెండు కాపీలు పడ్డాయి, పిల్లలిద్దరూ కథ చెప్పుకుంటూ నువ్వు తప్పంటే నువ్వు తప్పని కొట్టుకున్నారు. తిరగరాసినవి దాదాపు 20 చాప్టర్లు, 180 పేజీల దాకా ఉంటాయి, రోజుకి ఒక చాప్టర్ అనుకుని మొదలుపెట్టే పిల్లలకి అవే నయం.

ఫేమస్ ఫైవ్ 21 పుస్తకాలు, మొదటిది 1942లో వచ్చింది, వరస లేకుండా ఏది దొరికితే అది చదివించాం, ఏ ఇబ్బందీ రాలేదు. అమ్మానాన్నలు లేకుండా పిల్లలు నలుగురూ కుక్కని తీసుకుని దీవికి పోవడం, టెంట్ వేసుకోవడం, మావాళ్లకి అదే పిచ్చి. జింజర్ బీర్ అంటే ఏంటని అడిగితే అల్లం వేసిన సోడా లాంటిది అని చెప్పా, వారం రోజులు ఇంట్లో అదే చేయించుకున్నారు. కానీ గిన్నెలు కడగడం, పక్కలు సర్దడం ఎప్పుడూ ఆ నలుగుర్లో చిన్నపిల్ల యాన్ మీదే పడుతుంది, మా అమ్మాయికి అది చదివినప్పుడల్లా కోపం, ఆ కోపం గురించి మేం చాలా రాత్రులు మాట్లాడుకున్నాం, అందుకే ఇప్పటి కాలానికి తగ్గట్టు మార్చని పాత ప్రింట్లే నాకిష్టం.

వాసన, పురుగు సంగతి తేలిగ్గా తీసుకోకండి. తెచ్చినవి నేరుగా అల్మరాలో పెట్టకుండా పేజీలు విప్పి రెండు రోజులు నీడలో గాలికి పెడతా, చెద మట్టి కనపడితే ఎంత చవకైనా కొనను. వానాకాలంలో ఫుట్‌పాత్ మీద కొనడం మానేశా.

బాధల్లా తెలుగులో ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరక్కపోవడమే. ఎవరో చందమామ సీరియల్ పేజీలు విడదీసి దారంతో కుట్టించుకున్న బైండు ఒక్కటే దొరికింది, పిల్లాడికి నేనే చదివి వినిపిస్తున్నా, ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఆ 8 పేజీలు మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ దగ్గర అదే పుస్తకం ఉంటే జిరాక్స్ తీయించి అతికించాం. నిన్నట్నుంచి చిన్నోడు అదే చదువుతున్నాడు.