నీళ్ల ప్లాంటా, కూల్‌డ్రింక్ లైనా, పాల ప్యాకింగా: బెజవాడ, గుంటూరుల్లో ఫిల్లింగ్ ఆపరేటర్‌కు ఏది మేలు?

ఐటీఐ ఫిట్టర్ పాసైన కుర్రాళ్లు, ఇంటర్‌తో చదువు ఆపేసి ఏదో ఒక మెషీన్ పని చేతికి రావాలనుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. బాటిళ్లు, ప్యాకెట్లు నింపే మెషీన్ నడిపే ఫిల్లింగ్ ఆపరేటర్‌గా చేరాలంటే ఎక్కడ చేరాలి? మన వైపు ఈ పని ముఖ్యంగా మూడు చోట్ల దొరుకుతుంది. ఆటోనగర్, కొండపల్లి, గన్నవరం వైపు చిన్న చిన్న వాటర్ బాటిల్ ప్లాంట్లు ఒకటి. కూల్‌డ్రింకులు, మామిడి జ్యూసులు నింపే పెద్ద ఫ్యాక్టరీలు రెండోది. డెయిరీల్లో పాల ప్యాకింగ్ సెక్షన్ మూడోది. మూడు చోట్లా పనిచేసినవాణ్ని కాబట్టి నా జవాబు ముందే చెబుతాను. ఇల్లు గడవాల్సిన మనిషికి, పదేళ్ల తర్వాత కూడా ఇదే లైన్‌లో ఉండాలనుకునేవాడికి పాల ప్యాకింగే మేలు. కాకపోతే రాత్రి డ్యూటీకి ఒళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే లెక్క మారుతుంది, అదీ చెబుతాను.

ముందు నీళ్ల ప్లాంటు. ఇక్కడ మామూలుగా ఉండేది నిమిషానికి 60 బాటిళ్లు నింపే మెషీన్. ఖాళీ బాటిల్‌ను కడగడం, నింపడం, మూత బిగించడం అన్నీ ఒకే ఫ్రేములో జరిగిపోతాయి. ప్లాంటులో ఉండేది ఐదారుగురు. కాబట్టి పొద్దున వెళ్లగానే ఆర్.ఓ. స్టార్ట్ చేసేది నువ్వే, ఫిల్టర్ బ్యాక్‌వాష్ నువ్వే, నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటర్ ముంచి చూసేది నువ్వే, క్రిములను చంపడానికి నీళ్లలోకి పంపే ఓజోన్ గ్యాస్ ఎంత పోతోందో చూసుకునేది నువ్వే. కొన్ని చోట్ల ప్రీఫామ్ అనే చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని వేడి చేసి బాటిల్ ఊదే బ్లోయింగ్ మెషీన్ కూడా నీ చేతికే వస్తుంది. ఏడాది తిరిగేసరికి పంపు బేరింగ్ శబ్దం విని ఎన్నాళ్లు ఆడుతుందో చెప్పగలిగే స్థాయికి వస్తావు. ఇంత నేర్పే చోటు ఇంకోటి లేదు. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కానీ అక్కడ ఆపరేటర్ అన్నది పేరుకే. సాయంత్రం ఆటో వచ్చి ఆగితే కేసులు ఎక్కించేదీ నువ్వే. 20 లీటర్ల టిన్ను అంటే 20 కేజీల బరువు, రోజుకు వందల సంఖ్యలో దించి ఎక్కిస్తే నడుం ఏమవుతుందో ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు. చేరేముందు జీతం ఎంతని అడిగేవాళ్లే తప్ప లోడింగ్ ఎవరు చేస్తారని అడిగేవాళ్లు తక్కువ. మొదట అడగాల్సింది అదే. రెండో సంగతి ఓజోన్. గాలి ఆడని గదిలో ఫిల్లింగ్ నడుస్తుంటే గొంతు గీరుకుంటుంది, కళ్లు మండుతాయి. అలవాటైపోతుందిలే అంటారు. అలవాటు చేసుకోకూడనిది అది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమని గట్టిగా అడగాలి.

అన్నిటికంటే పెద్ద తేడా కాగితాల మీద ఉంటుంది. పదిమంది లేని చోట ఈఎస్ఐ, అంటే కార్మికులకు వైద్యం, బీమా ఇచ్చే ప్రభుత్వ పథకం, తప్పనిసరి కాదు. ఇరవైమంది లేని చోట పీఎఫ్ కూడా అంతే. అంటే చాలా చిన్న ప్లాంట్లలో ఈ రెండూ ఉండవు. క్యాపింగ్ హెడ్ కింద వేలు నలిగితే ఓనరు మంచివాడైతే ఆసుపత్రి బిల్లు కడతాడు, కాకపోతే నీ ఖర్చు నీదే. ఈఎస్ఐ ఉన్నవాడికి పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే ఆ రోజులకు వేతనంలో 90 శాతం వస్తుంది, వైద్యానికి గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. నెలకు రెండు మూడు వేలు ఎక్కువిస్తామన్న చిన్న ప్లాంటుకూ, ఈఎస్ఐ ఉన్న చోటుకూ మధ్య తూకం వేసేటప్పుడు ఈ మాట మర్చిపోవద్దు.

నీళ్ల ప్లాంటుకు ఇంకో మార్పు కూడా వచ్చింది. బాటిల్ నీళ్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్న నిబంధనను కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 అక్టోబరులో తీసేసింది. కొద్ది వారాలకే ఈ నీళ్లను హై రిస్క్ ఆహారాల్లో చేర్చి, ఏటా తనిఖీ, ఆడిట్ ఉండాలంది. అందుకని లాగ్‌బుక్ సరిగ్గా రాయగలిగిన ఆపరేటర్‌కు ఇప్పుడు విలువ ఉంది. ఏ గంటకు టీడీఎస్ ఎంత, ఏ రోజు ట్యాంకు కడిగారు, ఏ బ్యాచ్ ఏ వ్యాన్‌లో పోయింది అన్నది తేదీతో రాసే అలవాటు ఉంటే ఆ పుస్తకమే నీ సర్టిఫికెట్.

ఇక కూల్‌డ్రింక్ లైన్. మంగళగిరి దగ్గర ఆత్మకూరు వైపు వెళ్లినవాళ్లకు ఆ ఫ్యాక్టరీల సైజు తెలుసు. పెద్ద లైన్ నిమిషానికి 500, 600 బాటిళ్లు తీస్తుంది. ఆ వేగంలో బాటిళ్లు విడివిడిగా కనపడవు, ఒక గీతలా కనపడతాయి. గ్యాస్ ఉన్న డ్రింకును మామూలు నీళ్లలా వదిలితే నురగై పొంగిపోతుంది. అందుకే ముందు బాటిల్‌లోకి కార్బన్ డయాక్సైడ్ పంపి, లోపలి ప్రెషర్‌ను పైన గిన్నెలో ఉన్న ప్రెషర్‌కు సమానం చేస్తారు. అప్పుడు డ్రింకు గోడ వెంట మెల్లగా దిగుతుంది. నిండాక గ్యాస్‌ను నిదానంగా వదిలి, మూతకు పంపుతారు. డ్రింకు చల్లదనం రెండు మూడు డిగ్రీలు తప్పితే చాలు, లైన్ మొత్తం నురగ. మామిడి జ్యూస్ దీనికి తలకిందులు. 85 డిగ్రీలు దాటిన వేడితో నింపి, మూత వేశాక బాటిల్‌ను పక్కకు వంచి నడిపిస్తారు, మూత లోపలి వైపుకు కూడా ఆ వేడి తగలాలని. ఈ రెండూ ఒకసారి దగ్గరుండి నడిపితే దేశంలో ఏ బెవరేజ్ ప్లాంటుకు వెళ్లినా ఇంటర్వ్యూలో తడబడవు.

క్యాంటీన్, బూట్లు, ఇయర్ ప్లగ్గులు, బస్సు, ఈఎస్ఐ, పీఎఫ్ అన్నీ ఉంటాయి. మరి లోటేంటి? రెండున్నాయి.

ఒకటి సీజన్. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా లైన్లు ఊపిరి పీల్చవు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది, బయట ఎంత కాస్తే లోపల అంత ప్రొడక్షన్. ఆ నెలల కోసం కాంట్రాక్టర్ ద్వారా మనుషుల్ని తీసుకుంటారు. వానలు పడగానే రెండు లైన్లు ఆపి, అక్కర్లేనివాళ్లను ఇంటికి పంపుతారు. కంపెనీ రోల్‌లో ఉన్నవాడికి ఈ బాధ లేదు. కాంట్రాక్టు కుర్రాడికి జులై నుంచి మళ్లీ ఫిబ్రవరి దాకా ఏం చేయాలో తెలియదు. ఇంటి దగ్గర రెండెకరాలు ఉండి, ఖరీఫ్ నాట్లకు ఊరికి వెళ్లే కుర్రాళ్లకు మాత్రం ఇది బాగా కుదురుతుంది. తెనాలి, దుగ్గిరాల వైపు నుంచి వచ్చి ఎండాకాలం లైన్ మీద, వానాకాలం పొలంలో గడిపేవాళ్లను చూశాను, సంతోషంగానే ఉన్నారు.

రెండోది, ఫిల్లర్ మీద ఉన్నవాడు ఫిల్లర్ మీదే ఉంటాడు. పక్కనే ఉన్న బ్లోయర్ తలుపు తీసి చూసే అవకాశం కూడా రాదు. టచ్ స్క్రీన్ మీద ఎర్రగా ఏదైనా వెలిగితే నొక్కడం, మెయింటెనెన్స్ వాళ్లకు ఫోన్ చేయడం, అంతే. అందుకే సీజన్ అయ్యాక ఓవర్‌హాలింగ్ జరిగే రోజుల్లో సెలవు పెట్టి ఊరికి పోవద్దని ప్రతి కుర్రాడికీ చెబుతాను. వాల్వులు ఊడదీసి బల్ల మీద వరసగా పేర్చి, రబ్బరు సీళ్లు మార్చి, మళ్లీ బిగించే ఆ పదిహేను రోజుల్లో నేర్చుకున్నది సీజన్ మొత్తం బటన్లు నొక్కినా రాదు.

ఇప్పుడు పాల దగ్గరకు వద్దాం. కృష్ణా మిల్క్ యూనియన్, గుంటూరు వైపు వడ్లమూడిలో సంగం డెయిరీ, ఇంకా ప్రైవేటు డెయిరీలు కలిపి మన రెండు జిల్లాల్లో పాల ప్యాకింగ్‌కు కొదవ లేదు. ఇక్కడ బాటిల్ కాదు, ఫిల్మ్. రోల్ మీంచి ఫిల్మ్ దిగుతుంది, యూవీ లైటు కిందుగా వెళ్లి గొట్టంలా చుట్టుకుంటుంది. నిలువు సీల్ పడుతుంది, పాలు దిగుతాయి, అడ్డం సీల్ పడి ప్యాకెట్ తెగి కింద పడుతుంది. చూడ్డానికి చిన్న మెషీన్. చేతి పని మాత్రం ఇక్కడే ఎక్కువ. అడ్డం సీల్ వేసే దవడలాంటి భాగానికి టెఫ్లాన్ గుడ్డ ఉంటుంది. అది కాస్త కాలి నల్లబడితే సీల్ ఒక మూల పట్టదు. కంటికి తెలియదు, ప్యాకెట్‌ను అరచేతిలో పెట్టి బొటనవేలితో ఒత్తితే మూలలో సన్నగా చెమ్మ వస్తుంది. ఆ చెమ్మ చూసి మెషీన్ ఆపి గుడ్డ మార్చేవాడు ఆపరేటర్. చూడనివాడి క్రేట్లు తెల్లారి ఏజెంటు దగ్గర పాలోడుతూ దిగుతాయి.

తూకం సంగతి కూడా చెప్పాలి. పాలు నీళ్లకంటే కాస్త బరువు. అర లీటరు టోన్డ్ పాల ప్యాకెట్ ఫిల్మ్ కాకుండా 515 గ్రాముల దగ్గర తూగాలి. ఐదు గ్రాములు తక్కువైతే కొనేవాడికి అన్యాయం, ఐదు గ్రాములు ఎక్కువైతే రాత్రికి వేల ప్యాకెట్ల మీద డెయిరీకి నష్టం. అర్ధరాత్రి రెండింటికి కూడా తక్కెడ వైపు చెయ్యి వెళ్లాలి.

పాల పనిని నేను మేలనడానికి అసలు కారణం సీఐపీ. ప్యాకింగ్ అయ్యాక పైపులు, ట్యాంకులు విప్పకుండానే లోపల కడిగే పద్ధతి అది. ముందు మామూలు నీళ్లు, తర్వాత 70 డిగ్రీలు దాటిన వేడిలో కాస్టిక్ సోడా, మళ్లీ నీళ్లు, తర్వాత పలచని నైట్రిక్ యాసిడ్, మళ్లీ నీళ్లు. కొవ్వును, మాంసకృత్తులను కాస్టిక్ వదిలిస్తుంది. పాలరాయిలా గట్టిపడ్డ కాల్షియం పొరను యాసిడ్ వదిలిస్తుంది. ఒకటి చేసే పని రెండోది చేయదు. ఈ క్రమం ఎందుకో తెలిసినవాడిని జ్యూస్ ప్లాంటువాళ్లు తీసుకుంటారు, ఐస్‌క్రీం వాళ్లు తీసుకుంటారు. బాటిల్ నింపడం ఎన్నో రకాలు, శుభ్రం చేయడం మాత్రం అన్ని చోట్లా ఇంచుమించు ఇదే.

పైగా పాలకు సెలవు లేదు. చలికాలంలో పాలు ఎక్కువ వస్తాయి, ఎండాకాలంలో పాలు తగ్గితే పెరుగు, మజ్జిగ ప్యాకెట్లు పెరుగుతాయి. దసరాకు ఇంద్రకీలాద్రి మీదికి జనం వచ్చినా, పెళ్లిళ్లు పడ్డా, డెయిరీకి పనే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ నీటిలో ఉన్నప్పుడు పడవల మీద చేరవేసిన వాటిలో నీళ్ల బాటిళ్లూ, పాల ప్యాకెట్లూ ఉన్నాయి. అవి నింపింది మనలాంటి ఆపరేటర్లే. ఆ సంగతి తలుచుకుంటే ఈ పని మీద నాకు గౌరవం పెరుగుతుంది.

దీని ధర రాత్రి. సాయంత్రం పాలు రావాలి, 72 డిగ్రీల దగ్గర పాశ్చరైజ్ కావాలి, చల్లారాలి, రాత్రి ప్యాక్ కావాలి, తెల్లవారుజామున వ్యాన్లు కదలాలి. దీన్ని పగటికి మార్చడం ఎవరి చేతుల్లోనూ లేదు. పైగా ఫ్లోర్ ఎప్పుడూ తడి, కాళ్లకు గమ్ బూట్లు, పగలు నిద్ర సగం సగం. పిల్లల స్కూలు మీటింగులకు వెళ్లలేకపోవడం, పండగ రోజు పొద్దున నిద్రలో ఉండటం, ఇవన్నీ ఇంట్లోవాళ్లు కూడా మోయాల్సినవి. చేరే ముందు భార్యతో, అమ్మానాన్నలతో మాట్లాడుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు, వరసగా నైట్లు పడితే తలనొప్పి వచ్చేవాళ్లకు నేను దీన్ని సలహా ఇవ్వను. వాళ్లు కూల్‌డ్రింక్ ప్లాంటులో మూడు షిఫ్టుల రొటేషన్‌కు వెళ్లడం నయం. కొన్ని వారాలైనా పగటి డ్యూటీ దొరుకుతుంది.

గుంటూరులో కారం ప్యాకింగ్, నూనె ప్యాకింగ్ కూడా ఉన్నాయి. కారం దగ్గర మాస్కు, ధూళి లాగే మెషీన్ లేకపోతే వెళ్లొద్దు. నూనె మెషీన్ తేలిక, కానీ నేర్చుకునేది తక్కువ.

అమ్మాయిల గురించి ఒక మాట. చాలా ప్లాంట్లలో వాళ్లను బాటిళ్లు చూసే బల్ల దగ్గరో, ప్యాకింగ్ దగ్గరో కూర్చోబెడతారు. ఫిల్లర్ నడపడానికి కండబలం అక్కర్లేదు, స్క్రీన్ మీద సెట్టింగులు, చెవి, కన్ను చాలు. ఐటీఐ చేసిన అమ్మాయి మెషీన్ ఇవ్వమని అడగాలి, ఇవ్వాలి కూడా.

ఎక్కడ చేరినా ప్లాంటు చూపించమని అడగండి. చూసేటప్పుడు ఫిల్లర్ చుట్టూ ఉన్న అద్దాల తలుపు దగ్గర ఆగండి. ఆ తలుపు తీస్తే మెషీన్ ఆగిపోయేలా ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దానికి టేపు చుట్టి ఉంటే, తలుపు తెరిచి ఉన్నా మెషీన్ తిరుగుతుందన్నమాట. అక్కడ జీతం ఎంతిచ్చినా చేరొద్దు. బాటిళ్లను తిప్పే స్టార్ వీల్‌కు వేలికీ బాటిల్‌కూ తేడా తెలియదు.

తర్వాత పే స్లిప్ ఎవరి పేరు మీద వస్తుందో అడగండి, కంపెనీదా, కాంట్రాక్టర్‌దా. జీతంలో పీఎఫ్ కోసినంత మాత్రాన జమ అయినట్టు కాదు. రెండో నెలలోనే యూఏఎన్ (పీఎఫ్ నంబరు)తో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. ఓవర్‌టైమ్‌కు మామూలు రేటుకు రెండింతలు ఇవ్వాలన్నది చట్టం, ఎండాకాలంలో ఈ లెక్క సొంతంగా ఒక నోటుబుక్‌లో రాసుకోండి.

ఫిట్టర్ ట్రేడ్ వాళ్లకు నా ఓటు పాలకే. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వాళ్లకు మాత్రం కూల్‌డ్రింక్ లైన్ మేలంటాను. మెషీన్‌ను నడిపే చిన్న కంప్యూటర్లు (పీఎల్‌సీలు), సెన్సర్లు, మోటార్ల వేగం మార్చే డ్రైవులు అంత దట్టంగా ఉండే చోటు మన దగ్గర వేరే లేదు, అప్రెంటిస్‌గా వెళ్లి ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లోకి మారే దారి కూడా అక్కడే ఉంది. రేపెప్పుడైనా సొంతంగా నీళ్ల ప్లాంటు పెట్టుకోవాలనుకునేవాడు చిన్న ప్లాంటులోనే చేరాలి. ఏ ఫిల్టర్ ఎన్నాళ్లకు మార్చాలో, ఏ ఏజెంటు ఎన్నాళ్లు బాకీ పెడతాడో రెండూ అక్కడే తెలుస్తాయి. అలాంటివాడు లోడింగ్ బరువు కూడా మోయక తప్పదు, కాకపోతే టిన్ను ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచాలి.