‘బ్యాలెన్సింగ్ చేయిస్తే సరిపోతుంది’ అన్నాడు, నమ్మాను: పాత కారు కొనేవారికి హెచ్చరిక

పదేళ్లు దాటిన కారు కొనే ఆలోచనలో ఉన్నవారు అడ్వాన్సు ఇవ్వకముందే ఇది చదవండి. నేను ఇరవై వేలు చేతిలో పెట్టేసిన తర్వాత నేర్చుకున్న పాఠాలివి.

గత ఏడాది దసరా ముందు విజయవాడలో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2012 మోడల్ డీజిల్ కారు చూశాను. మీటరు మీద 78,000 కిలోమీటర్లు ఉంది. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ చల్లగా వస్తోంది. ముందు టైర్లు రెండూ సరికొత్తవి, వాటి మీది రబ్బరు నూగు కూడా ఇంకా అరగలేదు. “మొన్ననే మార్చాం సార్, ఆ ఖర్చు మీకు మిగిలినట్టే” అన్నాడు కన్సల్టెన్సీ ఆయన. మురిసిపోయాను. నడిపి చూడమంటే బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల సాయంత్రం రద్దీలో ఒక చుట్టు తిప్పాను. ఆ రద్దీలో నలభై దాటే వీలెక్కడిది? ముప్ఫైలో ఏ బండైనా బుద్ధిగానే నడుస్తుంది. ఒక్కచోట బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ కాస్త వణికినట్టనిపించి అడిగాను. “వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే సరిపోతుంది సార్, ఐదారు వందల పని” అన్నాడు. 2,85,000కు బేరం కుదిరింది.

వారం తర్వాత ఇంటిల్లిపాదీ గుంటూరు బయలుదేరాం. కాజ టోల్‌ప్లాజా దగ్గర పడుతోందని తొంభైలో ఉన్న బండికి బ్రేకు వేశాను. జల్లెడ పట్టినట్టు స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ ఊగిపోయింది. డాష్‌బోర్డు మీది ఫోను జారి కింద పడింది. “ఏమిట్రా, రోడ్డు గతుకులుగా ఉందా?” అంది వెనక సీట్లోంచి అమ్మ. రోడ్డు అద్దంలా ఉంది.

ఆయన చెప్పినట్టే బ్యాలెన్సింగ్ చేయించాను. ఆరు వందలు పోయాయి, వణుకు పోలేదు. ఎందుకు పోతుంది? చక్రం బరువులో తేడా ఉంటే, రిమ్ము వంగి ఉంటే, బ్రేకు వేసినా వేయకపోయినా ఒక వేగం దగ్గర, చాలా బళ్లలో ఎనభై నుంచి వంద మధ్య, వణుకు వస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వచ్చి, కాలు తీయగానే ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది బ్రేకులను. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే కన్సల్టెన్సీ గుమ్మంలోనే ఆయన్ను నిలదీసేవాణ్ని.

రెండో షాపులో “డిస్కులు బెండయ్యాయి” అన్నారు. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేకు వేస్తే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా పట్టి ఆపుతాయి. కొత్త డిస్కులు, ప్యాడ్లు, కూలి కలిపి 7,400. బండి వెన్నలా ఆగింది. రెండు నెలలు హాయిగా తిరిగాను. సరిగ్గా 2,500 కిలోమీటర్లు తిరిగేసరికి మళ్లీ అదే వణుకు! షాపుకు వెళ్తే డిస్కుల కంపెనీని తిట్టి, ఇంకో జత వేయించుకోమన్నారు. అప్పుడు నాకు బుద్ధొచ్చి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన చక్రం విప్పి, కొత్త డిస్కు ఊడదీసి, అది కూర్చునే హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం) ముఖం చూపించారు. ఏళ్ల తరబడి కడగని అట్లపెనంలా ఉంది, తుప్పు పెళ్లలు కట్టి. రెండో షాపువాళ్లు ఆ తుప్పు గీకకుండానే దాని మీద కొత్త డిస్కు బిగించారు. అలా బిగిస్తే డిస్కు చదునుగా కూర్చోదు, తిరిగేటప్పుడు కంటికి కనపడనంత పక్కకు ఊగుతుంది. బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులోనూ ప్యాడు ఒకే చోట రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ చోట డిస్కు పలచబడుతుంది. వెంట్రుక మందం కూడా ఉండని ఆ తేడా దగ్గర ప్యాడు పట్టి వదులుతూ, పట్టి వదులుతూ ఉంటుంది. మనం ‘బెండు’ అనుకునేది చాలాసార్లు ఇదే. డిస్కును మళ్లీ బిగించి, ఆ ఊగు ఎంతో కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పితే 0.17 మిల్లీమీటర్లు చూపించింది. 0.1 దాటితేనే పనికిరాదన్నారాయన. పైగా ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లో ఎడమ వైపు దాని పిన్ను గ్రీజు ఎండిపోయి పట్టేసింది. లోపలి ప్యాడు బయటి దానికన్నా బాగా ఎక్కువ అరిగింది.

అంతటితో అయిపోలేదు. చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ వెనక బుష్ (రబ్బరు దిండు) దగ్గర పొడవాటి గడ్డపలుగు లాంటి ఇనుప కడ్డీ దూర్చి మెల్లగా ఎత్తారు. నల్లటి రబ్బరు నోరు తెరిచింది. చీలిక అంచులు పాతబడి దుమ్ము పట్టి ఉన్నాయి, అంటే ఇది నేను కొన్న తర్వాత చినిగింది కాదు. పైపైన మాత్రం టైర్ పాలిష్ పూసి నిగనిగలాడించారు. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరగకుండా ఆపేది ఆ బుష్షే. అది బాగుంటే డిస్కు వణుకును కొంత మింగేస్తుంది. చినిగితే చక్రమే ముందుకూ వెనక్కూ ఆడుతుంది, వణుకంతా నేరుగా స్టీరింగ్‌కు వస్తుంది. ఇవన్నీ ఒకే బండిలో పోగుపడితే ఒక్కటి మార్చి ఊరుకున్నవాడు మళ్లీ మళ్లీ షాపు మెట్లెక్కాల్సిందే.

టైర్ల సంగతి నాకు అప్పుడు వెలిగింది. బుష్షులు పోయి అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణం) తప్పిన బండిలో ముందు టైర్లు లోపలి అంచున అరుగుతాయి. ఆ గుర్తు చెరిపేయడానికే కొత్తవి వేశారు. డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే లోపలి అంచు బోడిగుండులా నున్నగా ఉంది, బయటి అంచున గాడులు ఇంకా నిక్షేపంలా ఉన్నాయి. తీసేసిన వాటిలో ఒకటి నాకే అంటగట్టారన్నమాట! కొనేరోజు డిక్కీ తెరిచాను కానీ, ఎంత చోటుందో చూసి మూసేశాను.

కాబట్టి మీరు చూసే బండిని ఖాళీగా ఉన్న హైవే మీద ఎనభైకి తీసుకెళ్లి, వెనక ఎవరూ లేరని చూసుకుని ఒక మోస్తరుగా బ్రేకు వేయండి. యజమాని ఒప్పుకోకపోతే వచ్చేయండి, అదే జవాబు. స్టీరింగ్ వణికితే ముందు డిస్కులు, సీటూ పెడలూ వణికితే వెనక బ్రేకు డ్రమ్ములు కావచ్చు. డ్రమ్ముల అనుమానం తీరాలంటే ఖాళీ చోట ముప్ఫై వేగంలో హ్యాండ్‌బ్రేకు బొత్తాం నొక్కి పట్టుకునే కొద్దికొద్దిగా లాగండి, వణుకు వస్తే వెనకే. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేసి పెడల్ టకటకలాడటం మాత్రం లోపం కాదు. తర్వాత నెమ్మదిగా రివర్సు వెళ్తూ బ్రేకు వేయండి. ‘టక్’మంటే బుష్షుల మీద కన్నేయండి. చిన్న గతుకుల మీద కటకటలాడేది ఎక్కువగా మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీకి ఉండే స్టెబిలైజర్ లింకు, అది చవక పనే.

జాకీ మీద ఎత్తడానికి బద్ధకించకండి, కింద స్టాండు పెట్టకుండా తల మాత్రం దూర్చకండి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే బాల్ జాయింటో (ఆర్మును చక్రానికి కలిపే గుండ్రటి కీలు) బేరింగో (చక్రం తిరిగే గుండ్లు) తేలాలి. ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి: ఆట ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. పక్కలకు ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. ఇదంతా పావుగంట పని. మీకు చేతకాకపోతే మీ మేస్త్రీని వెంట తీసుకెళ్లండి, వాళ్ల మేస్త్రీని కాదు.

నాకు చివరికి రెండు లోయర్ ఆర్ములు, పిన్నులు, హబ్బు శుభ్రం చేయడం, డిస్కులు లేత్ మీద స్కిమ్మింగ్ (పైపొర చెక్కి చదును చేయడం), అలైన్‌మెంట్ కలిపి 13,200 అయింది. కొత్తవి కాబట్టి స్కిమ్మింగ్‌కు తట్టుకున్నాయి. పాత డిస్కులైతే వాటి మీద చెక్కి ఉండే కనీస మందం చూడకుండా లేత్ ఎక్కించనివ్వకండి. చక్రాల నట్లు గాలి గన్నుతో కాకుండా, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచితో బిగించమని నేను దగ్గరుండి చేయించుకున్నాను. ఆ తర్వాత ఆరు వేల కిలోమీటర్లు తిరిగాను, వణుకు లేదు.

కన్సల్టెన్సీకి ఫోను చేస్తే “పాత బండి కదా సార్, మీరు నడిపి చూసే తీసుకున్నారు” అన్నాడు. అందులో అబద్ధం లేదు, అదే నా ఏడుపు. ఊడదీసిన ఎడమ ఆర్మ్ మాత్రం పారేయలేదు, గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాను. చినిగిన బుష్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివారు విజయవాడలో ఉంటే అడగండి, చూపిస్తాను. చేతులకు పాలిష్ అంటుకుంటుంది, గుడ్డ తెచ్చుకోండి.